మూడు గంటల సైరన్ ఉన్న క్యాసెట్

20 జనవరి 2025, సోమవారం

యూనియన్ వాళ్లు ఇచ్చిన డైరీలో ఇరవై రోజులుగా ఒక్క అక్షరం రాయలేదు. ప్రతి ఏడూ ఇంతే. జనవరిలో తెచ్చి బల్ల మీద పెడతాను, డిసెంబరు దాకా నా భార్య యమున అందులో కరెంటు బిల్లులు దాస్తుంది. ఈసారి మాత్రం రాయక తప్పడం లేదు. ఎవరికీ చెప్పుకోలేని సంగతి వచ్చి పడింది.

గనిలో మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, టీ తాగుతున్నాను. నా చిన్ననాటి స్నేహితుడు మక్సూద్, పెళ్లి కార్డు పట్టుకుని వచ్చాడు. వాడి కూతురు మహెజబీన్ పెళ్లి ఫిబ్రవరి తొమ్మిదిన. ఏడో తారీఖు శుక్రవారం మాంజా, అంటే పెళ్లికూతురికి పసుపు పెట్టే వేడుక. కార్డు యమున చేతికిచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"వేణూ, ఒక పని జేసి పెట్టాలె నువ్వు."

"చెప్పు. షామియానానా, వంటోళ్ళా?"

"అయన్ని అయినయి. మా అమ్మీ పాటల క్యాసెట్ దేవులాడు. నీ దగ్గర డబ్బాల కొద్ది ఉన్నయి గద. ఎప్పుడన్న అండ్ల గలిసిందేమో సూడు. మాంజాకు దాదీ పాటనే గావాలె అని పోరి ఒక్కటే పట్టు. అమ్మీకేమో ఆయాసం. రెండు లైన్లు పాడంగనే మిగిలింది మర్శిపోతది."

"గోలేటి ఖాలా తీసుకపోయిందంటిరి గద" అన్నాను. గోలేటిలో ఉండే వాళ్ల పిన్ని గురించి, నా నోటితో నేనే అన్నాను.

"ఖైరూన్ ఖాలా ఇప్పటికి ఒట్టు వెట్టుకుంటది తియ్యలే అని. ముప్పయ్యేడేండ్ల సంది అక్కచెల్లెండ్లకు అదే పంచాయితి. నువ్వయితే ఒకసారి సూడు."

"చూస్త" అన్నాను.

21 జనవరి, మంగళవారం

వెతికాను. దొరకలేదు.

22 జనవరి, బుధవారం

అటక మీది నుంచి రెండు పెట్టెలూ దించాను. ఒకప్పుడు గనికి మందుగుండు వచ్చిన చెక్కపెట్టెలు. వాటిలో అరవై నాలుగు క్యాసెట్లు. యమున చీపురు పట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏందయ్యా, గిప్పుడు గీ దుకాణం?"

"సుగ్రా అమ్మీ క్యాసెట్ దేవులాడుతున్న."

ఇందులో అబద్ధం లేదు. దేవులాడుతూనే ఉన్నాను కదా.

వెతకాలంటే వినాలి. పైన అతికించిన చీటీలను నమ్మడానికి లేదు, ఎందుకంటే వాటి మీద రాసినవాణ్ని నేనే. ఆ రోజుల్లో నాకూ మక్సూద్‌కూ రాక్ పాటల పిచ్చి. పాటల పేర్లు తెలియవు, పాడినవాళ్ల పేర్లు తెలియవు, మాటలైతే అసలే తెలియవు. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. 'టబ్బులు పట్టాలు దిగిన పాట', టబ్బులంటే గనిలో బొగ్గు మోసే డబ్బాలు. 'ఏడ్చే గిటార్, చిన్నది'. 'ఏడ్చే గిటార్, పెద్దది'. 'గొంతు పోయినాయన'. 'ఓవర్‌మన్ తిట్లు'. ఆ చివరిది వింటే నిజంగానే మా ఓవర్‌మన్ రాజం సార్, గనిలో మా పై అధికారి, గుర్తొస్తాడు. జుట్టు పెంచితే హెల్మెట్ పట్టదని ఆయన మమ్మల్ని తిట్టిన తిట్లకు గిటార్ ఒక్కటే తక్కువ.

ఒక్కొక్క క్యాసెట్‌ను ఎంత ఆలోచించి నింపేవాళ్లమో. ఎ వైపు డ్యూటీకి పోయే ముందు వినేవి, ఒంట్లో నిప్పు పుట్టించేవి. బి వైపు డ్యూటీ దిగి వచ్చాక వినేవి, మెల్లగా ఉండేవి. మధ్యాహ్నం వేళ రికార్డు చేసేవాళ్లం కాదు. ఓపెన్‌కాస్టులో పేల్చినప్పుడల్లా కిటికీలు అదిరి అదీ పాటలో పడేది. పాటకూ పాటకూ మధ్య ఎంత ఖాళీ వదలాలన్న దాని మీద నేనూ మక్సూద్ ఒకసారి మూడు రోజులు మాట్లాడుకోలేదు. నేను నాలుగు క్షణాలు అనేవాణ్ని, వాడు రెండు చాలనేవాడు. ఇప్పటికీ నాలుగే సరైనది.

'టబ్బులు పట్టాలు దిగిన పాట' పెట్టాను. డ్రమ్ములు మొదలు కాగానే నా తల దానంతట అదే ఊగింది. యాభై తొమ్మిదేళ్లు నాకు. ల్యాంపు రూం ఇన్‌చార్జిని. నాలుగు వందల మందికి రోజూ ల్యాంపులు ఇచ్చి లోపలికి పంపే మనిషిని. మంచం పట్టె పట్టుకుని పాట అయిపోయేదాకా తల ఊపాను. ఇప్పుడు మెడ తిరగడం లేదు. యమున బామ్ రాస్తూ నవ్వుతూనే ఉంది. చాలా రోజుల తర్వాత ఇంత సంతోషంగా ఉంది నాకు.

23 జనవరి, గురువారం

రెండో పెట్టె. వినాల్సినవి ఇంకా ఇరవై ఉన్నాయి. దొరకలేదు.

24 జనవరి, శుక్రవారం

నిజం రాస్తాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ రాస్తాను. ఆ క్యాసెట్ దొరకదు. దాన్ని చెరిపేసింది నేను.

1988 వేసవి. గనిలో కొత్త యంత్రాలు బిగించడానికి వచ్చిన విదేశీ ఇంజనీర్లు గెస్ట్‌హౌస్‌లో ఉండేవాళ్లు. ఒకాయన టేప్ రికార్డర్ పాడైతే మక్సూద్ బాగు చేశాడు. ఆయన కూలి ఇవ్వబోతే వీడు వద్దని, చేతులతో సైగలు చేసి, నాలుగు క్యాసెట్లు ఒక్క రోజుకు ఇమ్మని అడిగాడు. ఆదివారం పొద్దున ఇచ్చాడు. అదే సాయంత్రం ఆయన రైలెక్కి తన దేశం పోతున్నాడు. అప్పటికల్లా తిరిగి ఇచ్చేయాలి.

మక్సూద్ వాళ్ల క్వార్టర్ మధ్య గదిలో, రెండు టేప్ రికార్డర్లు ఎదురెదురుగా పెట్టాం. ఒకటి మాది, రెండోది రిపేరుకు వచ్చిన ఎవరిదో. ఇది పాడుతుంటే అది పట్టుకోవాలి. కిటికీలకు బొంతలు కట్టాం. ఫ్యాన్ శబ్దం పడుతుందని అదీ ఆపేశాం. మే నెలలో, గోదావరిఖనిలో. దగ్గు వస్తే బయటికి ఉరకాలి. చెమటతో బనియన్లు పిండుకుంటూ మూడు క్యాసెట్లు పూర్తి చేశాం. మా దగ్గరున్న ఖాళీ క్యాసెట్లూ మూడే. ఆదివారం కాబట్టి దుకాణాలు బంద్. ఆ దొరను కాసేపు ఆపడానికి మక్సూద్ సైకిలెక్కి గెస్ట్‌హౌస్‌కు పోయాడు. నేను నాలుగోది పెట్టి ఒక్క నిమిషం విన్నాను.

వినకుండా ఉండాల్సింది. అంత మంచి పాట అప్పటికి నేను వినలేదు. ఇప్పటికీ వినలేదు.

అలమారలో సుగ్రా అమ్మీ క్యాసెట్ కనబడింది. అమ్మీ అంటే మక్సూద్ తల్లి. మా రెండు క్వార్టర్లకూ గోడ ఒకటే కాబట్టి నాకూ అమ్మీయే. కాలనీలో ఏ ముస్లింల ఇంట పెళ్లయినా ఢోలక్ ముందు కూర్చుని పాడేది ఆమె. పాటలన్నీ సొంతంగా కట్టుకున్నవి. అంతకు ముందు ఏడాదే నేనూ మక్సూద్ వారం రోజులు కూర్చుని వాటిని రికార్డు చేశాం. ఎవరూ చెరపకుండా మక్సూద్ దాని వెనక ఉండే రెండు ప్లాస్టిక్ ముక్కలూ విరిచేశాడు. అవి లేకపోతే రికార్డు బటన్ నొక్కుకోదు. కానీ ఆ సందు మీద కాగితం అంటిస్తే మళ్లీ నొక్కుకుంటుంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు.

అంటించాను. నొక్కాను. రెండు వైపులా నింపాను.

మక్సూద్ వచ్చి "ఖాళీది యాడ దొరికిందిరా?" అన్నాడు. "మా ఇంట్ల ఉండె" అన్నాను. ఆ సాయంత్రం ఆ పాట ఏడుసార్లు విన్నాం. పాత చీటీ మీద కొత్త చీటీ అంటించాను. రెండు నెలలకు సుగ్రా అమ్మీ తన క్యాసెట్ వెతికింది. సరిగ్గా ఆ ముందు వారమే ఆమె చెల్లెలు ఖైరూన్ గోలేటి నుంచి వచ్చి పోయింది. నింద ఆమె మీద పడింది. నేను చూస్తూ ఊరుకున్నాను.

ఇరవై రెండేళ్ల కుర్రతనం అని సర్దిచెప్పుకోవచ్చు. మరి తర్వాత ముప్పై ఏడేళ్లు?

26 జనవరి, ఆదివారం

గని ఆఫీసులో జెండా వందనం చేసి, జిలేబీ పొట్లంతో ఇంటికి వచ్చేసరికి మక్సూద్, మహెజబీన్ కూర్చుని ఉన్నారు. వెతకడం ఎంతదాకా వచ్చిందో చూద్దామని వచ్చారట. జిలేబీ పొట్లం వాళ్ల చేతిలో పెట్టి మాట మార్చాలని చూశాను. కానీ పది నిమిషాల్లో అంతా మర్చిపోయి నవ్వుకున్నాం. అది రాయాలి.

మక్సూద్ పెట్టెలో చేయి పెట్టి నేరుగా ఆ క్యాసెట్టే తీశాడు. 'సైరన్ పాట'. మాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట అదే మరి. మధ్యలో ఒక గిటార్ మెట్లెక్కినట్టు ఎక్కి ఎక్కి ఆగే చోట, సన్నగా మొదలై సైరన్ ఒకటి మోగుతుంది. దాని మీద డ్రమ్ములు వచ్చి పడతాయి. పాడినవాళ్లూ బొగ్గుబావుల ఊరివాళ్లేనని మా నమ్మకం. లేకపోతే పాటలో సైరన్ ఎందుకు పెడతారు? 'వాళ్లు గూడ మనోళ్ళేరా' అని మక్సూద్ అందరికీ చెప్పేవాడు. ఆ ధైర్యంతోనే మేము ఇంగ్లీషు రాకపోయినా ఆ పాటను మా సొంతం అనుకున్నాం.

మహెజబీన్ ఫోను టేప్ రికార్డర్ దగ్గర పెట్టింది. ఫోను కాసేపు విని పాట పేరు చెప్పేసింది. ఇన్నేళ్లూ పేరు లేకుండానే హాయిగా ఉన్న పాట. ఆ పేరు మా ఇద్దరికీ నచ్చలేదు.

"అసలుది ఇనుండ్రి చాచా" అని ఫోనులో పెట్టింది. గిటార్ ఎక్కింది, ఎక్కింది, ఆగింది. సైరన్ లేదు. నేరుగా డ్రమ్ములు వచ్చాయి.

"ఏదో కోసేసిన్రు" అన్నాను.

ఆ పిల్ల ఇంకో చోటి నుంచి తీసింది. స్టేజీ మీద పాడింది కూడా తీసింది. ఎక్కడా సైరన్ లేదు. మక్సూద్ నోరు తెరుచుకుని నా వైపు చూశాడు.

"అరేయ్, గిది మూడు గంటల సైరన్ రా. మన బాయిదే."

బొంతలు కట్టినా, ఫ్యాన్ ఆపినా, షిఫ్టు సైరన్ మాత్రం వచ్చి పాటలో కూర్చుంది. మొదటిసారి వింటూనే ఎక్కించాను కాబట్టి, దాన్ని మేము అంత పెద్ద దేశంవాళ్లు కట్టిన బాణీ అనుకున్నాం. మక్సూద్ నవ్వి నవ్వి గోడకు ఒరిగాడు. నాకు కళ్లలో నీళ్లు వచ్చాయి. సైరన్ లేని పాట బోసిగా ఉందని ఇద్దరం ఒప్పుకున్నాం. అసలుదాని కన్నా మాదే బాగుంది. ఇది అభిమానం కాదు, ఎవరు విన్నా అదే అంటారు.

పోతూ పోతూ మక్సూద్ ఆ క్యాసెట్ జేబులో వేసుకున్నాడు.

"గీ సైరన్ సంగతి అమ్మీకి ఇనిపిస్త."

వద్దనడానికి ఒక్క కారణం కూడా తట్టలేదు. నేను అంటించిన చీటీ కింద పాత చీటీ అలాగే ఉంది. దాని మీద మక్సూద్ నాన్న ఉర్దూలో రాసిన అక్షరాలు ఉన్నాయి.

27 జనవరి, సోమవారం

రెండో షిఫ్టు. రాయమల్లు ల్యాంపు పోశంకు, పోశం ల్యాంపు రాయమల్లుకు ఇచ్చాను. ఇన్నేళ్లలో ఇలా ఎప్పుడూ జరగలేదు.

29 జనవరి, బుధవారం

పొద్దున యమున తన క్యాసెట్ అడిగి తీసుకుని పెట్టింది. అది నేను నిశ్చితార్థం అయ్యాక వాళ్ల ఊరు నస్పూర్‌కు పంపింది. అందరూ ఉత్తరాలు పంపుతారు, నేను తొంభై నిమిషాల క్యాసెట్ పంపాను. ఎ వైపు ఏడు పాటలు, బి వైపు ఎనిమిది, ఒక్కొక్కటీ ఆమె కోసం ఏరినవి. మా మామ ఆగయ్య దాన్ని పెట్టి, గిటార్ గీకుడు విని, టేప్ రికార్డర్ చెడిపోయిందనుకుని మంచిర్యాల తీసుకుపోయాడు. మెకానిక్ మిషన్ బాగానే ఉందన్నాడట. "అయితే పిల్లగానికే ఏదో ఉన్నది" అని మామ వారం రోజులు సంబంధం గురించి మళ్లీ ఆలోచించాడు.

"మరి నువ్వేమనుకున్నవ్?" అని ఇన్నేళ్లకు ఈ రోజు అడిగాను.

"నాకు ఒక్క ముక్క సమజ్ కాలే. కని పాటకు పాటకు నడుమ నువ్వు ఊపిరి పీల్చుడు ఇనవడేది. బటన్ ఒత్తేటప్పుడు. అది ఇనేదాన్ని."

 ఆమె చేతిలో గిన్నె తీసుకుని నేనే తోమాను. ఆమె నా మొహం చూసి, "నువ్వేదో దాస్తున్నవ్, వారం సంది చూస్తున్న" అంది. చెప్పేశాను. మొత్తం విని ఒక్కటే మాట అంది.

"పోయి చెప్పు."

1 ఫిబ్రవరి, శనివారం

బాగా ఆలోచించాను. పెళ్లి ఇంట్లో ఇప్పుడు ఎవరినీ బాధ పెట్టకూడదు. పెళ్లి అయ్యాక నెమ్మదిగా చెబుతాను. ఇది భయం కాదు, మర్యాద.

3 ఫిబ్రవరి, సోమవారం

గాంధీ చౌరస్తాలో మక్సూద్ కలిశాడు. ఖైరూన్ ఖాలా బుధవారం సాయంత్రం దిగుతుందట. "ఈసారి మాంజాల అందరి ముంగట అడుగుత, క్యాసెట్ ఏం జేసినవ్ అని. పెండ్లికి గూడ తేకపోతే ఎట్ల?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను టీ సగంలోనే వదిలేశాను. డెబ్బై అయిదేళ్ల మనిషి, చేయని తప్పుకు అందరి ముందూ తల వంచుకోవాలి. మర్యాద సంగతి నిన్నటిదాకా. రేపు పోతాను. యాభై ఏళ్ల స్నేహం పోతే పోయింది.

ఆ స్నేహం పోకూడదు. అది పోతే నా దగ్గర ఏముంది?

4 ఫిబ్రవరి, మంగళవారం

షిఫ్టుకు ముందు పోయాను. మక్సూద్ తన రిపేరు షాపులో ఉన్నాడు. సుగ్రా అమ్మీ ఒక్కతే వాకిట్లో మంచం మీద కూర్చుని, మాంజా కోసం పసుపు కొమ్ములు ఏరుతోంది. నేను నిలబడే చెప్పాను.

"అమ్మీ, మీ క్యాసెట్ ఖైరూన్ ఖాలా తియ్యలే. నేనే దాని మీద వేరే పాటలు ఎక్కిచ్చిన."

"మాలూమ్ బేటా. కూసో."

కూర్చున్నాను. 

"ఎట్ల దెల్సు?"

"కాయితం అంటియ్యనీకి మెతుకులు ఎవలిచ్చిన్రు నీకు? వంటింట్లకొచ్చి, 'అమ్మీ, నాలుగు మెతుకులియ్యి' అన్నవ్. పోరనికి ఆకలైతాంది అనుకొని కంచం నిండ పెట్టుకొచ్చిన. నువ్వు నాలుగే తీస్కొని ఉరికినవ్. అప్పుడు సమజ్ కాలే. క్యాసెట్ దేవులాడినప్పుడు యాదికొచ్చింది."

"మరి ఎందుకు అడగలే?"

"అడుగుదామనే వచ్చిన. తలుపు తీస్తే మీరిద్దరు ఆ లొల్లి పాట వెట్టుకొని ఎగురుతున్నరు. మక్సూద్ వాళ్ళ అబ్బా డ్యూటీ దిగొచ్చి నా పక్కన నిలవడ్డడు. మిమ్ముల జూసి నవ్విండు. ఆయన నవ్వంగ ఏడాదికి ఒకసారి సూస్తుంటి నేను. పోనీతీయ్ అనుకున్న. పాటలు నోట్లనే ఉన్నయి గద, మల్ల పాడుకుంట అనుకున్న." కాసేపు పసుపు కొమ్ములు చేతిలో తిప్పింది. "నోరు గూడ ముసల్దయితదని దెల్వకపాయె."

నేను కింద రాలిన పసుపు కొమ్ములు ఏరి ఆమె ఒళ్లో వేశాను. తర్వాత ఖాలా సంగతి అడిగాను. అన్నీ తెలిసి ఆమె మీద నింద ఎందుకు ఉండనిచ్చిందని.

"అది మా అమ్మ తమలపాకుల పాందాన్ ఇస్త ఇస్త అని ఇప్పటిదాంక ఇయ్యలే. ఉండనీయ్ అనుకున్న." నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. తగ్గాక నా చేయి పట్టుకుంది. "మక్సూద్‌కు మాత్రం నువ్వే చెప్పాలె. నేన్ చెప్ప."

5 ఫిబ్రవరి, బుధవారం

మక్సూద్ షాపుకు పోయి చెప్పాను. మిక్సీ ఒకటి విప్పుకుని కూర్చున్నాడు. నేను చెబుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అయిపోయాక సొరుగులోంచి క్యాసెట్ తీశాడు. స్క్రూడ్రైవర్ మొనతో పై చీటీ అంచు లేపి మెల్లగా ఊడదీశాడు. కింద వాళ్ల అబ్బా చేతిరాత. వేలితో దాన్ని ఒకసారి తుడిచాడు.

"నమాజు టైమైంది" అన్నాడు. షట్టర్ దించి పోయాడు. అంతే.

6 ఫిబ్రవరి, గురువారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు.

7 ఫిబ్రవరి, శుక్రవారం

అడ్వాన్స్‌గా లీవు పెట్టి ఉంచాను కానీ, పోవాలా వద్దా అని మధ్యాహ్నం దాకా చొక్కా తొడుక్కోలేదు. యమున పసుపు చీర కట్టుకుని వచ్చి, "ఆడివిల్ల పెండ్లి. నీ అలుగుడు కోసం ఆగదు" అని చొక్కా నా మీద పడేసింది. అలిగింది నేను కాదని చెప్పే ఓపిక లేక తొడుక్కున్నాను.

గల్లీ అంతా షామియానా. నడుమ గుడ్డ కట్టి అటు ఆడవాళ్లు, ఇటు మేము. మక్సూద్ ఆ చివర వంటవాళ్లతో మాట్లాడుతున్నాడు. నన్ను చూశాడు, చూడనట్టు తిరిగాడు. నేను గుడ్డ పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. గుడ్డ పల్చనిదే. పసుపు ముసుగులో మహెజబీన్, కుర్చీలో సుగ్రా అమ్మీ, కింద ఢోలక్ ముందు ఖైరూన్ ఖాలా కనబడుతున్నారు.

ఢోలక్ మొదలైంది. అమ్మీ గొంతెత్తింది. బొంగురుగానే ఉన్నా అందరూ మాటలు ఆపారు. పెళ్లికూతురికి పసుపు నూరిందెవరు, నీళ్లు తోడిందెవరు అని వరసగా అడుగుతూ సాగే పాట అది. రెండు లైన్లు పాడి ఆగింది. ఢోలక్ తిరిగి మొదటికి వచ్చింది. మళ్లీ రెండు లైన్లు. మళ్లీ ఆగింది. "భూల్ గయీ మా, మర్శిపోయిన" అని చిన్నగా అనడం వినబడింది. ఎవరో ఫోనులో పాట పెట్టనా అన్నారు. మహెజబీన్ ముసుగు కింద తల అడ్డంగా ఊపింది. ఆ పిల్ల భుజాలు చూస్తే ఏడుస్తోందని తెలిసింది. ఇది నా వల్లే. ఈ గల్లీలో ఈ క్షణం నా వల్లే ఆగిపోయింది.

మూడోసారి అమ్మీ రెండో లైను ముగించగానే మూడో లైను వినబడింది. మగ గొంతు. బంతిపూలు తెచ్చిందెవరు, డ్యూటీ దిగి ఉరికి వచ్చిన తమ్ముడే కదా అని. పాడుతున్నది నేనని నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

వారం రోజులు రికార్డు చేశాం కదా ఆ పాటలు. శ్రుతి కుదిరిందా, ఢోలక్ ఎక్కువైందా అని ఒక్కొక్కటీ వంద సార్లు వెనక్కి తిప్పి విన్నాను. టేపు మీద చెరిపాను కానీ నాలో అవి అట్లాగే ఉన్నాయి. నాకే తెలియదు.

 గుడ్డకు అటువైపు ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. అమ్మీ మూడో లైను అందుకుంది. నాలుగోది నేను ఇచ్చాను, ఆమె అందుకుంది. ఎనిమిదోదో తొమ్మిదోదో వచ్చేసరికి ఆమెకే ముందు గుర్తొచ్చి, నేను తప్పు పాడితే "నై నై, అట్ల గాదు" అని దిద్దింది. ఇద్దరం కలిసి పాటను చివరిదాకా లాక్కొచ్చాం.

ఆ తర్వాత వెక్కిరింతలు. ఢోలక్ పాటల్లో అది ఆనవాయితీ. పెళ్లికూతురి మామలనూ చాచాలనూ, అంటే బాబాయిలనూ, ఒక్కొక్కరి పేరు పెట్టి తిడతారు. ఒకడు తిండిపోతు, ఒకడు పెళ్లానికి భయపడేవాడు. ఇంటివాళ్లనే తిడతారు. బయటివాళ్ల పేరు పెడితే కోపాలొస్తాయని పెట్టరు. మామలు అయిపోయారు. చాచాలు అయిపోయారు. ఖాలా ఢోలక్ ఆపబోయింది. అప్పుడు నా వెనక నుంచి మక్సూద్ గొంతు, గల్లీ చివరికి వినబడేట్టు.

"క్యాసెట్ ఖా గయే వేణు చాచా, డకార్ భీ నై లియే."

క్యాసెట్ తినేశాడు వేణు చాచా, తేన్పైనా రాలేదు.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది ఖైరూన్ ఖాలాకే. ఢోలక్ పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఇన్నరా? ముప్పయ్యేడేండ్లు. తియ్యలే తియ్యలే అంటె ఒక్కలన్న ఇన్నరా నా మాట?"

లేచినంత వేగంగా కూర్చుని, ఢోలక్ లాక్కుని ఆ లైను తనే పదిసార్లు పాడించింది. పసుపు గుడ్డల్లో ఉన్న ఆడవాళ్లంతా, మా యమునతో సహా, నన్ను చూపించి చూపించి పాడారు. పాందాన్ సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

మక్సూద్ వచ్చి నా పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"రెండు దినాలు మాట్లాడలే నువ్వు" అన్నాను.

"నీకు సరిపోయే లైను దొరకద్దారా? రాత్రి దాంక కూసున్న."

"కోపం రాలేదా?"

"ఎందుకు రాదు? అదే లైన్ల వెట్టిన."

కాసేపటికి అమ్మీ గుడ్డ పక్కకు జరిపి, "ఇగ ఆ లొల్లి పాట పెట్టుండ్రి. అది లేకుంటె వీళ్ళిద్దరికి అన్నం అరగది" అంది. మక్సూద్ టేప్ రికార్డర్‌ను షామియానా స్పీకర్లకు తగిలించాడు. గిటార్ ఎక్కుతుంటే ఇద్దరం లేచాం. మూడు గంటల సైరన్ మోగగానే వంటవాడు అదిరిపడి టైం చూసుకున్నాడు. గల్లీకి గల్లీ నవ్వింది. నా మెడ మళ్లీ పట్టేసింది. వాడిది నడుము పట్టేసింది.

8 ఫిబ్రవరి, శనివారం

నిన్నటి వెక్కిరింత పాటను మహెజబీన్ ఫోనులో పట్టుకుని చుట్టాలందరికీ, నాకూ పంపింది. పొద్దున గోలేటి నుంచి ఎవరో నేనెరగని ఆమె ఫోన్ చేసి, "క్యాసెట్ దొంగ వేణు చాచా మీరేనా?" అని అడిగింది. అవునన్నాను. యమున వంటింట్లో అదే లైను కూనిరాగం తీస్తోంది. రేపు పెళ్లి. ఇస్త్రీ చొక్కా తెచ్చుకోవాలి.

ఇక మీద ఈ కాలనీలో ఎవరింట మాంజా జరిగినా ఆ పాట పాడతారు. నేను పోయాక కూడా పాడతారు. ఎవరెవరివో పాటలు, పేర్లు కూడా తెలియకుండా, జీవితమంతా విన్నాను. నా పేరున్న పాట ఇదొక్కటే.

లేచినప్పటి నుంచి పదిసార్లు విన్నాను. ఇది రాసి, పదకొండోసారి పెడతాను.